ముందు సీటు పాట

మిరపకాయ కోతకు పోయే ఆటోలో ముందు సీటంటే మాకు పెద్ద సంగతే. వెనక మేమంతా మోకాళ్ళు మోకాళ్ళు ఒరుసుకుంటూ, అన్నం క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కుని కూర్చోవాలి. ముందు డ్రైవరు పక్కన ఒక్క మనిషే. కాళ్ళు చాపుకోవచ్చు, గాలి తగులుతుంది. అందుకని మా ఆడకూలీల ముఠాలో దానికి వంతులు పెట్టుకున్నాం. పొద్దున పోయేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నా ఎవరికీ పట్టదు, అందరం సగం నిద్రలోనే ఉంటాం. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మాత్రం వంతు తప్పకూడదు. ఆ సీట్లో కూర్చున్న మనిషి చెప్పిన పాటలే ఆ దారంతా వినిపించాలి. ఈ రూలు పెట్టింది వరసకు మాకు పిన్నమ్మ అయ్యే ఒకామె. ఒక రోజు ముందు కూర్చుని, "సీటు నాదైతే పాటా నాదే" అన్నది. ఎవరూ కాదనలేదు. అప్పటినుంచి అట్లాగే నడిచింది.

ముఠాను కూర్చేది నేను. ఆసామి ఫోన్ చేస్తే ఎంతమంది కావాలో కనుక్కుని, ఇంటింటికీ పోయి చెప్పి, తెల్లవారి అందరినీ ఆటో ఎక్కించడం నా పని. ఆటో మా తమ్ముడిది. మార్కాపురం పక్కనే మా ఊరు. కోతలు ఎక్కువగా త్రిపురాంతకం వైపు దొరికేవి. జిల్లాలు విడగొట్టిన తర్వాతి ఏడాది కోతల్లో జరిగింది ఇప్పుడు చెప్పబోయేది.

మా తమ్ముడు ఇంటర్ దాకా చదివాడు. పలకల ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేసి, ఆ దుమ్ము పడక మానేసి ఆటో తోలుకోవడం మొదలుపెట్టాడు. వాడికి ఫోనులో ర్యాప్ వినడం అలవాటైంది. తర్వాత తనే రాయడం, పాడడం. ఎండాకాలం మంచం మీద నిండా దుప్పటి ముసుగేసుకుని, లోపల ఫోను నోటి దగ్గర పెట్టుకుని గబగబా మాట్లాడుతుండేవాడు. ముసుగెందుకురా అంటే, బయట చప్పుళ్ళు పడకుండా అన్నాడు. చెమటతో తడిసి ముద్దయి బయటికి వస్తే, మా అమ్మ చలిజ్వరమేమోనని నొసటి మీద చెయ్యి పెట్టి చూసింది.

సినిమాల్లో కూడా ఇట్లాంటివి వస్తున్నాయి కదరా అన్నానొకసారి. ముఖం ముడుచుకున్నాడు.

"అది వేరేక్కా. అది కంపెనీలోళ్ళు అమ్ముకునేది. మాది అండర్ గ్రౌండు. మాకెవురూ పెట్టుబడి పెట్టరు, మేమెవురికీ భయపడం. ఉన్నది ఉన్నట్టు చెప్తాం."

ఈ మాట ఆటోలో కూడా ఒకసారి అంటే పిన్నమ్మ పట్టుకుంది. "మన దగ్గర భూమి కింద నీళ్ళే లేకపాయె, ఇంక పాటలు యాడుంటాయి నాయనా? బోరేసి చూసినావా?" అన్నది. ఆటో అంతా ఒకటే నవ్వు. వాడూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

గిద్దలూరులో ఒకడు, కనిగిరిలో ఇద్దరు, వాడిలాంటివాళ్ళే ఉన్నారు. ఒకరి పాట ఒకరికి ఫోన్లో పంపుకునేవాళ్ళు. వినేదీ వాళ్ళే, భలే అనేదీ వాళ్ళే. కానీ వాడు రాసేది వాళ్ళ గురించి కాదు. మా గురించి. నీళ్ళ ట్యాంకరు గురించి, కోతల గురించి. అందుకని వాడికి ఒకటే కోరిక ఉండేది. ఆ పాట మా ఆటోలో మోగాలి, వెనక కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరైనా మళ్ళీ పెట్టమని అడగాలి. ఆ మాట నాతో నోరు తెరిచి చెప్పాడు కూడా. అన్నం తింటూ, ముద్ద చేతిలో అట్లాగే పెట్టుకుని చెప్పాడు.

ఆ ఏడాది మా ముఠాలో చేరిన ఒక కొత్త కోడలు ఉండేది. వాడు ఆమెకు మరిది వరస. ఆ పిల్లకు సినిమా ర్యాప్ అంటే ప్రాణం. పాటలో ఆ గబగబా వచ్చే ముక్క రాగానే, ఊపిరి తీసుకోకుండా ఒక్క మాట తప్పకుండా చెప్పేసి, చివర్న "హా" అని గాలి వదిలేది. పొద్దంతా ఘాటుకు తుమ్మి తుమ్మి గొంతులు బొంగురుపోయిన మాకు, ఆ పిల్ల ఆట చూస్తే కొంచెం ప్రాణం లేచి వచ్చేది.

ఒక సాయంత్రం ముందు సీటు ఆమె వంతు. ఆ రోజు కాయ బాగా ఎండి ఉంది, గాలి కూడా ఎదురు తోలింది. కళ్ళు, ముక్కు, చేతి వేళ్ళ సందులు, అన్నీ మంటే. ఆటో ఎక్కగానే ఆ పిల్ల తన పాట పెట్టించుకుంది. గబగబా ముక్క ఇంకా రాకముందే మా తమ్ముడు చెయ్యి పెట్టి ఆపేశాడు.

"రోజూ అదేనా వదినా? ఈ పొద్దు ఇది ఇనండి. మీ గురించే" అని తన పాట పెట్టాడు.

మొదట డప్పులాంటి చప్పుడు. తర్వాత వాడి గొంతు. నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది.

"ట్యాంకరొచ్చిందంటే మా ఈదికి జాతర,
బిందెకు బిందె తగిలితే అదే మా దరువు.
నడుం వంచి కోసేటియి కాయలు,
నడుం పట్టి మింగేటియి బిళ్ళలు."

అక్కడికి వచ్చేసరికి పిన్నమ్మ పైన ఇనప కడ్డీ మీద క్యారియరు మూతతో టంగుటంగుమని కొట్టింది. "ఆపురా."

"ఏంది పిన్నమ్మా? తప్పేముంది దాంట్లో?"

"తప్పేం లేదు. ఆ బిళ్ళలు నా కొంగున కట్టుకోనుండా. నీ పాటలో మళ్ళా ఎందుకు నాకవి?"

"నిజమే కద పిన్నమ్మా చెప్పింది!"

"నిజం కాబట్టే వద్దంటా ఉండా."

మా తమ్ముడు ఆటో రోడ్డు పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగాడు. వాడికి కోపం వస్తే మాట తడబడదు, ఇంకా వేగంగా వస్తుంది. "వాళ్ళు ఏది మోగిస్తే అది ఇంటారా? టీవీలో అదే, ఫోన్లో అదే, పెళ్ళిలో అదే. మీకంటూ ఒక ఇష్టం ఉండదా? మీ ఊరి మాట, మీ నోటి మాట పాటలో పెడితే వద్దంటారు. ఎవుడో ఏసీ రూములో కూర్చోని రాసింది కావాల!"

పిన్నమ్మ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక ఆ రోజు ఎవరికీ లేదు.

"చూడు నాయనా. పొద్దన్నుంచి ఆసామి ఏ సాలు చూపిస్తే ఆ సాలు కోసినాం. నీళ్ళు తాగేదానికి కూడా ఆయన్ని అడిగినాం. ఈ ఆటో ఎక్కినాక ఈ కాస్త దూరం మాది. ఆ పిల్లకు ఆ పాట కావాలనిపించింది, పెట్టించుకునింది. అది ఎవురు రాస్తే దానికేం, ఎవురు అమ్ముకుంటే దానికేం? ఇప్పుడు నువ్వూ ఇంకో సాలు చూపించి కొయ్యమంటా ఉండావు."

కొత్త కోడలు ముందు సీట్లోంచి దిగి వచ్చి వెనక మా మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఖాళీ సీటు పక్కన పెట్టుకుని వాడు ఊరిదాకా తోలాడు. ఏ పాటా లేదు.

మర్నాడు పొద్దున నేను వీధిలోకి వచ్చేసరికి ఇంకో ఆటో నిలబడి ఉంది. పక్క వీధి మనిషిది. వాడి ఆటోలో స్పీకర్లు పెద్దవి. "ఏ పాట కావాలన్నా పెడతా పెద్దమ్మా, నేను నోరెత్తను" అని పిన్నమ్మతో చెప్తున్నాడు. సగం మంది అప్పటికే ఎక్కేశారు. మా తమ్ముడు తన ఆటో పక్కన నిలబడి అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

నేను మేస్త్రిని. దిగండి అంటే మొహమాటానికైనా దిగేవాళ్ళు. ఆ మాట నా నోటికి రాలేదు. కోతకు రండి అని పిలిచే హక్కు నాకుంది గానీ, ఏం వినాలో చెప్పే హక్కు నాకెవరిచ్చారు? ఊరికే నిలబడ్డాను. ఇంట్లో తమ్ముడు, బయట ముఠా, ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు.

చివరికి పిన్నమ్మే తల బయటపెట్టి పిలిచింది. "ఏమబ్బాయ్, వంతుకు కట్టుబడి ఉంటావా, ఉండవా?"

"ఉంటా" అన్నాడు. అద్దం తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, "అయితే నాకూ ఒక వంతీండి" అన్నాడు.

"డ్రైవరు దినామూ ముందే కద కూర్చునేది! నీకు మళ్ళా వంతేంది?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే దిగి వచ్చి మా ఆటో ఎక్కారు. పక్క వీధి మనిషి నసుగుతూ పోయాడు.

వాడికి వంతు లేదు సరే, నాకుంది. మామూలుగా నా వంతు వచ్చినప్పుడు ఎవరికి ఒంట్లో బాగా లేకపోతే వాళ్ళకు ఇచ్చేసేదాన్ని. ఈసారి ఇవ్వలేదు. నా వంతు సాయంత్రం గంప దించి నేరుగా పోయి ముందు కూర్చున్నాను. మా తమ్ముడు తాళం తిప్పకుండా నా వైపు చూశాడు. అడగడు, నాకు తెలుసు.

"నీది పెట్టరా" అన్నాను.

పెట్టాడు. వెనక ఎవరూ కడ్డీ మీద కొట్టలేదు. ఎవరూ గొణగలేదు. బిళ్ళల ముక్క వచ్చింది, పోయింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అందరూ కళ్ళు తెరుచుకుని, ఆసామి ఎదురుగా నిలబడి పని గురించి చెప్తుంటే ఎట్లా ఉంటారో అట్లా, కుదురుగా కూర్చుని ఉన్నారు. పిన్నమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది. మా తమ్ముడు కూడా అద్దంలో చూసినట్టున్నాడు. పాట సగంలో తనే ఆపేశాడు.

"ఏందిరా?" అన్నాను.

"వద్దులేక్కా. నువ్వు చెప్పినావని ఇంటా ఉండారు."

వెనకనుంచి పిన్నమ్మ, "వంతు ఆమెదిరా, పూర్తిగా పెట్టు. మేమేమన్నా అన్నామా?" అన్నది. ఆ మాటతో వాడు ఇంకా ముడుచుకుపోయాడు. మళ్ళీ పెట్టలేదు.

ఆ తర్వాత వాడు ఎవరి వంతులో వాళ్ళడిగిన పాట పెట్టేవాడు. మధ్యలో చెయ్యి పెట్టలేదు. ఇంట్లో దుప్పటి ముసుగు కూడా వేయలేదు చాలా రోజులు. గిద్దలూరువాడు ఫోన్ చేస్తే, "కోతలు గదా, తీరట్లేదు" అని పెట్టేసేవాడు. నేను అదీ ఇదీ మాట్లాడించబోతే ఊ అనేవాడు. నాకూ గుచ్చిగుచ్చి అడిగే ఓపిక ఉండేది కాదు. చేతులకు ఆముదం రాసుకుని పడుకోవడమే.

కోతలు ఇంక అయిపోవస్తున్నాయనగా మళ్ళీ కొత్త కోడలు వంతు వచ్చింది. ముందు కూర్చుంది. మా తమ్ముడు ఆమె సినిమా పాట వెతుకుతున్నాడు. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"మరిదీ, నీ దాంట్లో ఒక ముక్కుంది చూడు. బిందెకు బిందె తగిలితే అని. ట్యాంకరు కాడ నిలబడితే అదే నోట్లో ఆడతా ఉంది నాకు. అదొక్కటి పెట్టు."

వాడు ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన మాట, ఎవరూ చెప్పమనకుండా, ఎవరి మొహమాటమూ లేకుండా వచ్చింది.

"అదొక్కటేనా?" అన్నాడు.

"అదొక్కటే. తర్వాత ఆ నడుం నొప్పి, బిళ్ళలు వద్దు."

"అట్ల ముక్కలు ముక్కలు పెట్టేది కాదు వదినా అది. మొత్తం కలిస్తేనే పాట."

"నాకు కావాల్సింది ఆ ముక్కే కద."

"పెడితే మొత్తం పెడతా."

కోపం లేదు ఆమెకు. పొద్దంతా వంగి ఉన్న నడుం సీటుకు ఆనించి కళ్ళు మూసుకుంది.

"అయితే వద్దులే మరిదీ. నా పాటే పెట్టు" అన్నది.

పెట్టాడు. గబగబా ముక్క వచ్చినప్పుడు ఆ పిల్ల ఎప్పటిలాగే ఒక్క మాట తప్పకుండా చెప్పి, "హా" అని గాలి వదిలింది. పెట్టేయరా, ఆ ఒక్క ముక్కే పెట్టేయరా అని నా గొంతుదాకా వచ్చింది. వెనక కూర్చుని, పక్కామె తల నా భుజం మీద వాలి ఉంటే, ఆ మాట అక్కడే ఉండిపోయింది. వంతు ఆమెది, పాట వాడిది. మా తమ్ముడు గుంతలు చూసుకుంటూ మెల్లగా మార్కాపురం వైపు తోలాడు.