అవ్వ మీద గడియ పెట్టిన సాయంత్రం

మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంటు కింద, బండ్లు పెట్టుకొనే చోట, మొన్న ఆదివారం పెట్రోలు వాసన గుప్పుమంది. ఎవరిదో స్కూటరు కారుతోంది. వాచ్‌మన్ ఇసుక తెచ్చి చల్లుతుంటే జనం ముక్కులు మూసుకొని లిఫ్టు ఎక్కి పోయారు. అరవై దగ్గర పడుతున్న నేను మాత్రం కూరగాయల సంచితో గోడకు ఆనుకొని, ఎవరైనా నిప్పు పట్టుకొని వస్తున్నారేమోనని నాలుగు దిక్కులూ చూస్తూ నిలబడిపోయాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కాటన్‌పేట వెనక సందులో, మధ్యలో రాతిబండలు పరిచిన వాకిలి, చుట్టూ నాలుగు కుటుంబాలు ఉండే వఠారంలో మా ఇల్లు. నాయనకు పట్టుదారం అంగడి ఉండేది. ఎవరో కాఫీ తోటల ఆసామి వదిలించుకొన్న పాత నల్ల కారొకటి, ఇంచుమించు తన వయసుదే, ముచ్చటపడి తెచ్చుకొన్నాడు. అది సగం వాకిలిని ఆక్రమిస్తే, మిగిలిన సగంలో నేను సుద్దతో గళ్ళు గీసి కుంటాబిళ్ళ ఆడుకొనేదాన్ని. చలికాలమొస్తే వఠారమంతా అనపకాయల వాసన. అవ్వ మూరెడు ఎత్తు కాయలు ముందేసుకొని ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఒక్కో గింజనూ వేళ్ళతో పితికి, కట్టెల పొయ్యి మీద పితికిపప్పు చేస్తే, సందు మలుపులోనే మా ఇంట్లో వంటేమిటో తెలిసిపోయేది. నాయనకు మాత్రం తెలిసేది కాదు. చిన్నప్పుడు ఏదో పెద్ద జ్వరమొచ్చి ఆయనకు వాసన పూర్తిగా పోయిందట. పప్పు మాడినా, మల్లెలు తెచ్చినా, ఆయనకు ఒకటే.

ఆ కారులో పెట్రోలు చూపించే ముల్లు పనిచేసేది కాదు. ట్యాంకు నిండా పోయించినా అది అడుగునే పడుకొని ఉండేది. నాయన బెత్తం ముంచి, తడి ఎంత ఎత్తున అంటిందో చూసుకొని బయలుదేరేవాడు. అమ్మ అప్పుడు తమ్ముణ్ణి కని చింతామణిలో పుట్టింట్లో ఉంది. వాళ్ళను చూడబోయినప్పుడు ఒకసారి నాయన బెత్తం లెక్క తప్పి, హొసకోట దాటాక నీలగిరి చెట్ల తోపుల నడుమ కారు ఆగిపోయింది. సైకిలు మీద ఎవరో డబ్బాతో పెట్రోలు తెచ్చేదాకా, మనిషి జాడలేని ఆ దారిలో మేమిద్దరం కూర్చున్నాం. మరునాడు అమ్మను తీసుకురావాలి అనగా, శుక్రవారం మధ్యాహ్నం నాయన పనిముట్లు తీశాడు.

"పసిబిడ్డను పెట్టుకొని దోవలో నిలబడేది కాదు పాపా. ఈ పొద్దు దీని సంగతి చూడాల్సిందే" అన్నాడు.

ట్యాంకు అడుగున మర సడలించి కొంత పెట్రోలు బకెట్టులోకి వదిలి, మళ్ళీ బిగించాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పించి, తాను వెనక డిక్కీలోకి వంగి, ట్యాంకు దగ్గరి తీగ ఊడదీసి ఇనుముకు తాకించాడు.

"ముల్లు లేచిందా?"

"లేచింది నాయనా! పైదాకా పోయింది!"

"అట్లయితే మీటరు బాగుండాది. లోపల తేలేదే చెడిపోయింది."

గుండ్రటి మూత విప్పి, పెట్రోలు మీద తేలాల్సిన ఇత్తడి బుడ్డిని బయటికి తీశాడు. దానికి సన్నటి చిల్లి పడి లోపలికి పెట్రోలు చేరి మునిగిపోయిందట. నా చెవి దగ్గర ఆడించి గలగలలు వినిపించి, మళ్ళీ డిక్కీ దగ్గరికి పోయాడు. ముల్లు చూస్తూ నేను అక్కడే ఉండాలి.

పొద్దు వాలింది. వాసన ఎక్కువైంది. ట్యాంకు తెరిస్తే ఇంతేనేమో అనుకొన్నాను. కాసేపటికి కళ్ళు మండి, తెరిచి ఉన్న తలుపులోంచి కిందికి చూశాను. కారు కిందనుంచి నల్లటి తడి చార ఒకటి నా కుంటాబిళ్ళ గళ్ళను దాటుకొంటూ, బండల వాలు వెంట, మా వంటింటి మెట్టు దాకా పోయి ఉంది. బిగించాననుకొన్న మర బిగుసుకోలేదు. తలెత్తితే వంటింటి గుమ్మంలోంచి అవ్వ కనిపించింది. పొయ్యి ముందు వంగి, పట్టకారుతో ఎర్రటి నిప్పులు ఒక్కొక్కటే ధూపం గిన్నెలోకి ఎత్తుతోంది.

శుక్రవారం దీపం పెట్టగానే అవ్వ ఇల్లంతా సాంబ్రాణి పొగ వేసి, వాకిట్లోకొచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిరిగేది. అదీ లక్ష్మే అనేది. బెత్తం ముంచేటప్పుడు అగ్గిపెట్టె జేబులో ఉన్నవాళ్ళను నాయన కారు దరిదాపులకు రానిచ్చేవాడు కాదు కాబట్టి, ఏం జరగబోతోందో నాకు తెలుసు. అవ్వ లేచి నిలబడింది. నేను కారు దిగి, ఆ తడిలోనే పరుగెత్తి, వంటింటి తలుపు ఆమె మొహం మీద మూసి, బయట గడియ పెట్టేశాను.

"ఎవురే అది? లక్ష్మి వచ్చే వేళ తలుపేస్తారంటే! తీయ్!" అవ్వ తలుపు బాదింది.

నాయన చెయ్యెత్తుకొని వచ్చాడు. "ఏం పనే ఇది?"

నేను నేల చూపించాను. ఆయన వంగి, వేలు తడిపి, ముక్కు దగ్గర పెట్టుకొని, అలవాటు లేని పని చేసినవాడిలా నా వైపు చూశాడు.

"నీళ్ళు కాదా?"

తల అడ్డంగా ఊపాను. నాయన మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, నీ చేతిలో నిప్పుండాదా?"

"ఉండాదప్పా. ఎందుకు?"

"అడుగు ముందుకెయ్యద్దు. వెనక్కి పోయి నీళ్ళ అండాలో ముంచు. పొయ్యి కూడా ఆర్పు."

తలుపు అవతల చుయ్యిమన్న చప్పుడయింది. నాయన నా పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మీద పెట్టుకొన్న రెండు చేతులూ వణుకుతూనే ఉన్నాయి. పెద్దవాళ్ళకు భయం ఉండదని అంతవరకూ నమ్మాను. ఆ చేతులు చూశాక నాకు ఏడుపొచ్చింది.

మర బిగించి, వఠారం వాళ్ళందరి పొయ్యిలూ ఆర్పించి, ఇసుక పోసి ఎత్తాక గడియ తీశారు. అవ్వ నన్ను తిట్టలేదు. పెరట్లోకి తీసుకుపోయి సీకాయతో నా పాదాలు రుద్దింది, మళ్ళీ మళ్ళీ రుద్దింది. "ధూపం ఒక్క వారం లేకుంటే ఏమీ కాదులే అమ్మీ" అంది.

మరునాడు నాయన బస్సులో పోయి అమ్మను తీసుకొచ్చాడు. తర్వాత ఒక మెకానిక్ ఆ బుడ్డికి మాట్లు వేస్తే ముల్లు లేచింది. కానీ ఆనాటినుంచి కారు ముట్టుకొనే ముందు నాయన నన్ను పిలిచేవాడు. "పాపా, ఒకసారొచ్చి వాసన చూడు." నాకు అదే పెద్ద భయమైంది. బడిలో లెక్కలు చేస్తూ చేస్తూ, ఇప్పుడు ఇంట్లో వాసన చూసేదెవరని లెక్క మరిచిపోయేదాన్ని.

ఆ కారు పాత ఇనుముకు పోయి చాలా ఏళ్ళయింది. వఠారం ఉన్నచోట బట్టల దుకాణాల భవనం లేచింది. అవ్వ, తర్వాత నాయన, మొన్నటేడు అమ్మ పోయారు. తమ్ముడికి ఇదంతా విన్న కథే. ఆ శుక్రవారం కాటన్‌పేటలో ఏమీ జరగలేదు. ఏమి జరగకుండా పోయిందో కళ్ళారా చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.