మధ్యాహ్నం ఆగిన మగ్గాలు

మా మనవరాలికి పుట్టుకతోనే కాళ్లలో సత్తువ లేదు. చక్రాల కుర్చీలో కూర్చునే రైఫిల్ పట్టడం నేర్చుకుంది. ఆదివారాలు కరీంనగర్‌లో సాధన. మిగతా రోజులు ఇంట్లోనే, గుండు లేకుండా, గోడ మీద అంటించిన నల్లచుక్కకు గురిపెట్టి మీట నొక్కేది. గుండ్ల ఖర్చు లేదు కదా అని నేనూ ఊరుకున్నాను.

చిక్కల్లా పక్కనున్న పవర్‌లూమ్ షెడ్డుతో. నడుమ ఒకటే గోడ. మగ్గాలు ఆడుతుంటే గోడ, నేల, దాని కుర్చీ అన్నీ అదిరేవి. గురి నిలిచేది కాదు. హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గరపడుతోంది. ఈసారి కూడా కాకపోతే మానేస్తానని అది ముఖం తిప్పుకుంది. కసిరాను గానీ, నాకూ దారి తోచలేదు.

అంతలో మధ్యాహ్నాలు కరెంటు పోవడం మొదలైంది. అన్నాలవేళకు మగ్గాలు ఆగేవి. గంటసేపు గోడ కదిలేది కాదు. కరెంటు వాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను. పగలు మా ఇంట్లో లైటూ ఫ్యానూ వేయనివ్వను కాబట్టి, కరెంటు నిజంగా పోయిందో లేదో చూసే పనే పడలేదు.

ఒకరోజు ఉక్కకు తాళలేక, కరెంటు వచ్చిందేమోనని మనవరాలు స్విచ్ నొక్కింది. ఫ్యాను గిర్రున తిరిగింది. పక్కన మగ్గాలకు మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

షెడ్డుకు వెళ్లాను. నేసిన బట్టకు మీటరు లెక్కన కూలి తీసుకుని మగ్గాలు నడిపే మనిషి గడపలో కూర్చుని ఉన్నాడు. ఎందుకు ఆపావని నిలదీశాను.

"గోడ అదురుతుంటె పిల్లకు గురి ఎట్ల కుదురుతది, పెద్దమ్మా?"

"మరి నీ కూలి?"

"పొద్దుగాల జల్ది షురువు జేస్తున్న. ఫికర్ జెయ్యకు."

"నిన్ను ఎవరన్న అడిగిండ్రా?"

"నువ్వు అడిగే మనిషివేనా?" అని నవ్వాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే వెళ్లి అతనికి నూలు కండెలు చుట్టిపెట్టాను. వద్దంటే, నీ పని నువ్వు చూసుకోమన్నాను.

ఎంపిక రోజు కొడుకు మనవరాలిని తీసుకెళ్లాడు. సాయంత్రం ఫోన్ వచ్చింది. జట్టులో తీసుకున్నారు. షెడ్డుకు వెళ్లి, మగ్గాల చప్పుడులో అతని చెవి దగ్గర చెప్పాను. చేతిలో తెగిన పోగు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇగ దేశం పోటీలున్నయట," అన్నాను. "ఇంకొన్ని దినాలు జర బంద్ జేస్తవా, బిడ్డా?"