ఎలీషా దగ్గు

ఎలీషా గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీ. టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, వీపున మోసి బతికినవాడు. కిడ్నీలు రెండూ పాడైతే భార్య శాంతి తనది ఒకటి ఇచ్చింది. ఆపరేషన్ తర్వాత బరువులెత్తకూడదన్నారు. ముఠా మేస్త్రీ రామాంజనేయులు అతన్ని ఊరి బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి వాచ్‌మన్‌గా పెట్టించాడు.

అక్కడ గేటు పక్కనే ఒక వీధికుక్క పిల్లల్ని పెట్టింది. పిల్లలు దగ్గుతుండేవి, ముక్కులు కారుతుండేవి. ఎలీషా వాటిని ఒళ్లో పెట్టుకుని తువ్వాలుతో తుడిచేవాడు. తన క్యారేజీలోని పెరుగన్నం పెట్టేవాడు.

కొన్నాళ్లకు అతనూ దగ్గసాగాడు. మిరపకాయల సీజను కావడంతో అక్కడ దగ్గని మనిషే లేడు.

"ఘాటుకి ఎవడు దగ్గడు రా? బెల్లంముక్క బుగ్గన పెట్టుకో," అన్నాడు మేస్త్రీ.

జ్వరం కూడా వచ్చేసరికి శాంతి అతన్ని ఆస్పత్రికి లాక్కుపోయింది. ఊపిరితిత్తిలో మచ్చ కనబడింది. టీబీ అనుకున్నారు, కాదని తేలింది. గొట్టం వేసి, లోపలి నీరు తీసి పరీక్షకు పంపితే, కుక్కలకు దగ్గు తెప్పించే క్రిమి బయటపడింది. అది మనుషులకు సోకడం చాలా అరుదు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందులు ఎలీషాలో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించాయి.

"ఇంట్లో కుక్క ఉందా?" అడిగింది డాక్టరమ్మ.

"లేదండి."

"గేటు కాడున్నయ్యి చెప్పవేం?" శాంతి అందుకుంది. "రోజూ ఒళ్లో పడుకోబెట్టుకుంటాడండీ. నా కిడ్నీ తీసుకెళ్లి కుక్కలపాలు చేశాడు!"

ఎలీషా తల దించుకున్నాడు. "వాటికీ ఒంట్లో బాగుండట్లేదు గదా అని..."

చాలా రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాడు. కిడ్నీ మందులు తగ్గిస్తే కిడ్నీకి ముప్పు, తగ్గించకపోతే ఊపిరికి. డాక్టర్లు కొంచెం కొంచెంగా తగ్గించి, ఆ క్రిమికి సరిపడే మందులిచ్చారు. మచ్చ మెల్లగా కరిగింది, కిడ్నీ నిలిచింది.

పిల్లల్లో ఒకటి చచ్చిపోయింది. మిగిలినవాటికి పశువుల డాక్టరు మందు వేశాడు. యజమాని ఎలీషాను లోపల కాటా గదికి మార్చాడు. తల్లికుక్కకు ఇప్పుడు శాంతే అన్నం పెడుతోంది, తిడుతూనే.

ఆ తర్వాత ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే ఎలీషా లేచి, "బాగానే ఉన్నానండి, దేవుడికి స్తోత్రం," అని కూర్చున్నాడు. మిగతాదంతా శాంతి చెప్పింది, పాస్టరుగారు గడియారం చూసుకునేదాకా.