బాలమ్మ నోట రాని 'డ్'

1962లో నేను కోస్గిలో ఇంగ్లీషు మాస్టరుని. ఆ ఎండాకాలం సెలవుల్లో బాలమ్మ అనే పద్దెనిమిదేళ్ళ పిల్ల మా ఇంటికొచ్చి ఇంగ్లీషు నేర్చుకునేది. వాళ్ళ బాపు గొర్రెలు కాసేవాడు. ముందటేడు దగ్గుతో మంచం పట్టి, ఊళ్ళో సూది వేసే దిక్కు లేక పోయాడు. అందుకే ఆ పిల్ల నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. సీటు రాకపోతే మళ్ళీ గొర్రెల వెంటే.

జరిగిన సంగతులు అడుగుతారు కదా అని రెగ్యులర్ వెర్బ్స్ పట్టించాను. అంటే చివర 'ఈడీ' తగిలిస్తే గతకాలమయ్యే క్రియలు. కాల్, కాల్డ్. క్యారీకి వై పోయి ఐ వచ్చి క్యారీడ్. విడిగా అడిగితే ఒక్క తప్పు కూడా చెప్పేది కాదు. వాక్యంలో పెడితేనే తిరకాసు! "మై ఫాదర్ కాల్డ్" అని సరిగ్గా అనేది. వెంటనే "మై మదర్ కాల్" అనేది. గొర్రెకూ అంతే, ఆఖరికి తనకూ అంతే.

నాకు ముక్కు మీద కోపం. కసిరాను. తర్వాత కోపం పోయి వింత పట్టుకుంది. మరచిపోతే అందరికీ మరచిపోవాలి గదా, ఆడవాళ్ళ దగ్గరా గొర్రె దగ్గరా మాత్రమే ఎందుకు?

"అమ్మకు డ్ ఏమైంది బాలమ్మా?"

ఆ పిల్ల నన్నే ఎగాదిగా చూసింది. "గదేంది సారూ! పిలిచిండు అంటే మొగాయన, పిలిచింది అంటే ఆడామె. ఆడోళ్ళకు డు పెడితే నవ్వరా?"

ఓర్నీ! ఈడీలో ఆ పిల్లకు మన 'డు' వినిపిస్తోంది. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గానీ, మన మాటలో ఆడమనిషికీ గొర్రెకూ ఒకటే 'ది' అని నాకెప్పుడూ తట్టలేదు.

"వాళ్ళకు ఆడా మగా లేదు. ఊరిపెద్ద పటేలుకూ నీకూ గొర్రెకూ అదే డ్" అన్నాను.

"పటేలుకు, నాకు ఒక్కటేనా!" అని పడీ పడీ నవ్వింది. నవ్విందే గానీ, 'ఐ' అనగానే నోరు మొరాయించేది. "సిగ్గయితాంది సారూ" అనేది.

ఇంటర్వ్యూ రోజు మహబూబ్‌నగర్ బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది.

"ఏమడిగిన్రు?"

"నర్సు ఎందుకయితవన్నరు. 'మై ఫాదర్ క్యారీడ్ మీ' అన్న. చిన్నప్పుడు గొర్రెల వెంట నన్ను భుజం మీద మోసిండు గద. ఆఖరుకు దవాఖానకు పోదామని బాపును సడక్ దాకా మోసింది నేనే. బస్సు రాకముందే పానం పోయింది. గదీ చెప్పిన."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అయినా మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? "క్యారీ అన్నవా, క్యారీడ్ అన్నవా?"

"'ఐ క్యారీడ్ మై ఫాదర్' అన్న సారూ. బాపుకు పెట్టిన 'డ్'నే నాకూ పెట్టిన. సిగ్గు కాలే."

సీటు వచ్చింది. అప్పటి నుంచి ఎవరు తప్పు చెప్పినా, కసిరే ముందు ఎందుకట్లా అన్నావని అడుగుతాను. ఈడీ పాఠం వచ్చినప్పుడు మాత్రం బోర్డు మీద ఆ రెండు వాక్యాలే రాస్తాను. బాపుది పైన, బిడ్డది కింద.