కాయల్లేని తోటలో చప్పుడు

ఎనభై ఎనిమిది ఆగస్టులో హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్తుంటే మా బస్సు టైరు పంక్చరైంది. పొద్దుగూకుతోంది. మంచినీళ్ళ కోసం కండక్టరూ నేనూ రోడ్డు పక్క మామిడితోటలో ఉన్న ఇంటికి వెళ్ళాం. అరుగు మీద ఒక పెద్దావిడ ఇత్తడి పళ్ళాన్ని గరిటెతో కొడుతోంది.

"కాయలే లేవు కదా మామ్మగారూ, ఏ కోతుల్ని తోలుతున్నారు?" అన్నాను. మా అనంతపురంలో అయితే ఈపాటికి నవ్వేవాళ్ళు.

ఆవిడ నవ్వలేదు. "మేం రంగూన్ నుంచి వచ్చేశాం బాబూ. మా తమ్ముడు రానని అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడక్కడ జనం మిలిటరీ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. సిపాయిలు వస్తుంటే ఇంటింటా ఇలా పళ్ళాలు కొట్టి ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారట. వాడి కబురే లేదు."

"ఇక్కడ కొడితే అక్కడికి వినపడుతుందాండీ?"

"వాడొక్కడే కొడుతూ కూర్చున్నాడేమో. తోడుండాలి కదా," అని మూడు దెబ్బలు కొట్టి, చెవి ఒగ్గి ఆగింది.

చెట్లవతల నుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

"పక్కతోట కాపలావాడు," అన్నాను తెలివిగా.

"కోతలయ్యాక అటు ఎవరూ ఉండరు బాబూ."

"అయితే మా కండక్టరు. బస్సు రేకు మీద కొట్టి పిలుస్తున్నాడు."

కండక్టరు నా పక్కనే ఖాళీ సీసా పట్టుకుని నిలబడి, నా వంక చూస్తున్నాడు.

"ఉన్నాడు," అంది ఆవిడ. గరిటె పక్కన పెట్టి, మాకు నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.

డ్రైవరేమో అనబోయాను. నోటిదాకా వచ్చిన మాటని నేను మింగింది ఆ ఒక్కసారే.