చీటీలక్క

కరెంటు పని చేసే చీటీలక్క పేరు చెబితే మేస్త్రీలకు నవ్వు, కాంట్రాక్టర్లకు తలనొప్పి. ఆవిడకి కేబుల్ లాగితే సరిపోదు. ఏ స్విచ్ నుంచి ఏ గదికి వెళుతోందో రాసిన చీటీ రెండు చివరలా కట్టాలి. ఫాల్స్ సీలింగు వేలాడే కడ్డీలకు కేబుల్ కట్టారో, అంతే సంగతులు; విడిగా క్లాంపులు కొట్టేదాకా వదలదు.

"పైన మూసేశాక ఎవడు చూస్తాడమ్మా?" అన్నాడొక కాంట్రాక్టరు.

"నిప్పు చూస్తుంది" అంది.

ఆవిడతో కలిసి పనిచేసే మరిది చెయ్యి తిరిగినవాడే. అతనికి ఒకటే కడుపుమంట. పదేళ్లుగా అతను చీటీ కట్టిన ప్రతి కేబుల్‌నూ వదిన టెస్టరు పెట్టి చూస్తుంది. ఇంట్లో మనిషినే నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతుందట?

ఆ రోజు ఆసుపత్రి వరండాలో పని. మర్నాడే తనిఖీ. ఎక్స్-రే గది కేబుల్ ఒకటి మార్చాలి. మరిది ఆ లైను స్విచ్ ఆపేసి వచ్చాడు.

"కోసెయ్ వదినా, కరెంటు లేదు."

వదిన నిచ్చెన మీద కట్టర్ తీసింది. చీటీ చదివింది. చదివి కూడా టెస్టరు ఆనించింది. ఎర్ర దీపం వెలిగింది.

మరిదికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న తొందరలో కేబుళ్లన్నీ ముందు లాగేసి, చీటీలు తర్వాత జ్ఞాపకం మీద కట్టాడు; ఎక్స్-రే గది చీటీ వేరే కేబుల్‌కి పడింది. టెస్టరు పెట్టకుండా కోసుంటే వదిన ఉండేది కాదు.

"తప్పు నాదే వదినా. లాగాక కట్టాను."

ఆవిడ దిగి నీళ్లు తాగింది.

"ఎన్నిటికి అలా కట్టావు?"

"నాలుగో అయిదో. సరిగ్గా చెప్పలేను."

"అయితే నలభై కేబుళ్ల చీటీలూ విప్పుదాం."

తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేది. ఒక్కొక్క స్విచ్ వేస్తూ, ఏ కేబుల్‌లో కరెంటు వస్తోందో చూస్తూ, సాయంత్రానికి నలభై కేబుళ్లకూ కొత్త చీటీలు కట్టారు, సగం అతను, సగం ఆవిడ. అప్పుడావిడ టెస్టరు అతని చేతికిచ్చింది.

"నావి నువ్వు చూడు. ఇన్నేళ్లూ నీవీ నావీ నేనే చూశాను. నన్ను నేనే చూసుకోవడం అంత మంచిది కాదు."

ఆవిడ తనవి కూడా చూసుకుంటుందని పదేళ్లలో అతనికి ఒక్కసారీ తట్టలేదు. సిగ్గేసింది. వదిన కట్టినవి వరసగా చూశాడు, ఒక్కటీ తప్పు లేదు. మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాడు.