గోడెక్కిన గోదారి

ఇప్పుడు మా సారపాకలో ఎవరింట్లో సున్నం పెళ్లలు రాలినా నాకు నవ్వొస్తుంది గానీ, ఇంటర్ తప్పి, కుట్టుపని నేర్చుకుని, పాత మిషన్ ఒకటి ఇంటికి తెచ్చుకున్న ఆ రోజుల్లో మాత్రం గోడ పేరెత్తితే ఏడుపొచ్చేది. అందరి రాతా నుదుటి మీద ఉంటే నాది మా ముందుగది గోడ మీద ఉందని, అది కూడా తడికి చెరిగిపోతోందని గట్టిగా నమ్మిన వయసది.

మాది తాత కట్టించిన మట్టిగోడల ఇల్లు. రోడ్డు వైపు ఉన్నది ఆ ముందుగది ఒక్కటే కాబట్టి టైలరింగ్ షాపు పెడితే అక్కడే పెట్టాలి. దాని ఎడమవైపు గోడేమో నడుమెత్తు దాకా ఎప్పుడూ నల్లగా చెమ్మే, ఆ పైన తెల్లగా ఉప్పు పూత. వానాకాలమంటే సరే. కోళ్లు కూడా నోరు తెరుచుకుని కూలబడే మా ఎండాకాలంలో కూడా అదే తడి! ఊరందరిదీ ఒకటే మాట: గోదారి. వరదకొచ్చిన నీళ్లు భూమిలో ఉండిపోయి గోడలోకి ఎక్కుతున్నాయట. (మా దగ్గర దేనికైనా కారణం దొరక్కపోతే గోదారి ఉంది. పాలు విరిగినా గోదారి గాలే.) నాన్న తేల్చి చెప్పేశాడు. "ఉగాది దాకా చూస్త బిడ్డా. గోడ ఎండిందా, షాపు పెట్టుకో. ఎండకపోతే మధిర పోయి మీ అత్త బట్టల దుకాణంల కూసో." మా అత్త దుకాణంలో కూర్చోవడమంటే జీవితాంతం మీటరు కర్రతో బట్ట కొలుస్తూ, ఆవిడ మోకాళ్ల నొప్పుల కథ వినడం.

అప్పటినుంచి మా ఇంటికి గోడ డాక్టర్లు రావడం మొదలైంది. ముందు మేస్త్రి వచ్చి సిమెంటు పూశాడు. చెమ్మ సిమెంటు దాటి ఇంకో జానెడు పైకెక్కింది. తర్వాత భద్రాచలం నుంచి పెయింటాయన వచ్చి నీళ్లాపే రంగు వేశాడు. అది బొబ్బల్లా ఉబ్బింది. ఆ పైన ఫోన్‌లో వీడియోలు చూసి నేనే ఖమ్మం నుంచి ఒక స్పెషలిస్టును పిలిపించాను. ఆయన గోడకు చిన్న మిషన్ ఆనిస్తే అది కుయ్యిమని మొత్తుకుంది. "మీ గోడ కింది నుంచి నీళ్లు తాగుతుందమ్మా" అన్నాడు గంభీరంగా. నాయనమ్మ ఊరుకుంటుందా? "ఎవల గోడ అనుకున్నవ్ కొడుకా? ఈ ఇల్లు కట్టినాయన గూడ గట్లనే తాగెటోడు."

వచ్చిన ప్రతివాడికీ నాయనమ్మ మర్యాద ఒకటే. అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పళ్లెంలో తమలపాకులు, వక్క, సున్నం పెట్టేది. ఇంటికి పనిమీద వచ్చినవాడు ఆకు వేసుకోకుండా పోతే ఆ పని నిలవదని ఆమె లెక్క. అందరూ ఆకు నమిలి "అబ్బ, వెన్న లెక్కున్నది పెద్దమ్మా!" అని మెచ్చుకునేవాళ్లు. ఖమ్మం ఆయనైతే పళ్లెం ఖాళీ చేశాక, "గోడ అవతల ఏముంది?" అని ఒకసారి అడిగాడు కూడా. "ఏముంటది, సందు. కోళ్ల గూడు" అంది నాయనమ్మ, ఇంకో ఆకుకు సున్నం రాస్తూ. కోళ్ల కంపులోకి ఎవరు పోతారు? ఆయనా పోలేదు.

చివరికి మా బాబాయి రంగంలోకి దిగాడు. మిల్లులో కాంట్రాక్టు పని ఆయనది. పేపరు మిల్లు ఊళ్లో పుట్టినవాళ్లకు అట్ట అంటే ఉండే నమ్మకం వేరు. కిటికీ పగిలితే అట్ట, మంచం కుంగితే అట్ట, చంటిపిల్లకు ఉక్కపోస్తే విసనకర్ర కూడా అట్టే. "గోడ ఎండుడెందుకే పిల్లా? కనబడకుంటే సాలు" అని తుక్కు షాపులోంచి మందపాటి అట్టలు తెచ్చి, గోడ నిండా మేకులతో కొట్టి, గులాబీ రంగు వేశాడు. నిజం చెప్పొద్దూ, పెళ్లి పందిరిలా ఉంది! నాన్న కూడా తల ఊపాడు. నేను అద్దం తగిలించి, దాని పక్కన నా మొట్టమొదటి ఆర్డరు, పక్కింటి అక్క కూతురి ఓణీల ఫంక్షన్ జాకెట్లను, వరసగా వేలాడదీశాను.

అట్ట నీళ్లు పీలుస్తుందన్న సంగతి, రోజూ అట్ట చేసే ఊళ్లో ఒక్కరికీ గుర్తుకు రాలేదు.

జాకెట్లకోసం అక్క వచ్చిన రోజే, ఆమె కళ్లముందే, గోడంతా పూరీలా ఉబ్బి, మేకులు పటపటా ఊడి, అట్టలూ అద్దమూ జాకెట్లూ కలిసి నేలమీదికొచ్చాయి. "ఓ యమ్మో, నీ షాపు మునిగిందే!" అంది అక్క. పసుపు జాకెట్ల మీద గులాబీ మరకలు! నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. "రేపు ఇంకొకాయన వస్తుండు. మీ బాబాయే మాట్లాడిండు. గాయనతోటి గూడ కాకుంటే మధిర బస్సే" అని వెళ్లిపోయాడు.

ఏడుస్తూనే జాకెట్లు ఉతికాను. (రంగు పచ్చిది కాబట్టి మరక పోయింది, నా అదృష్టం.) పట్టు జాకెట్లు నీడలో ఆరబెట్టాలి. మా ఇంట్లో ఎండ పడని చోటు ఆ గోడ వెనకాల సందొక్కటే. ముక్కు మూసుకుని కోళ్ల గూడు దాటి వెళ్లాను. చూద్దును కదా, గోడ పొడుగునా పచ్చగా, నిగనిగలాడుతూ తమలపాకు తీగ. దాని మొదట్లో నాయనమ్మ బిందె వంచుతోంది.

"ఏం చేస్తున్నవే నాయనమ్మా?"

"రేపు ఇంకోడు వస్తుండట గద గోడ చూడనీకి. అందరు తిని తిని ఆకులైపోతున్నయ్. జల్దీ చిగురెయ్యాలె గదా, ఇంకో బిందె పోస్తున్న."

నేను గోడకేసి వేలు చూపించాను. నాయనమ్మ తీగను చూసింది. గోడ మీద అరచెయ్యి పెట్టింది. తీసి, తడి చేతిని చాలాసేపు చూసుకుంది.

"మీ నాయినకు చెప్తవా?"

"చెప్తే తీగ కొట్టేస్తడు."

"చెప్పకుంటే నువ్వు మధిర పోతవు." ముక్కు చీది, కొంగు నడుముకు చుట్టింది. "ఏం చూస్తున్నవ్? పార తే."

చీకటి పడేలోపు తీగను కొమ్మలుగా కోసి పెరట్లో బోరు పక్కన పాత డ్రమ్ములో నాటాం. మర్నాడొచ్చినాయన గోడకు ఏదో తెల్లటి మందు పూసి పోయాడు. వెళ్లేటప్పుడు పళ్లెంకోసం చూస్తే "ఆకులైపోయినయ్ కొడుకా" అంది నాయనమ్మ, అతని మొహంకేసి చూడకుండా. గోడ మెల్లగా, మచ్చలు మచ్చలుగా ఎండింది. ఉగాదికి షాపు తెరిచాను. ఆ మందాయన పేరు సారపాక దాటి పర్ణశాల దాకా పాకింది. నాన్న ఈనాటికీ ఆయన నంబరు అందరికీ ఇస్తాడు.

డ్రమ్ములో తీగ బతికింది గానీ, నాయనమ్మ మాత్రం ఆ ఆకు నమిలినప్పుడల్లా "పస లేదే" అనేది. నన్నెప్పుడూ ఒక్క మాటనలేదు. అప్పుడు నాకది పట్టలేదు కూడా. షాపు వచ్చింది, ఆకుదేముందిలే అనుకునే తొందర వయసు.

ఇప్పుడు ఆమె మోకాళ్లు సందులోకి పోనివ్వవు. పోయిన వానలకు గోడ మొదట్లో మిగిలిన వేరొకటి చిగురేసింది. పొద్దున్నే షాపు తెరిచే ముందు వెళ్లి ఒక్క చెంబు పోసి వస్తాను. మొదటి ఆకు తెచ్చిస్తే నమిలి, కళ్లు మూసుకుని, "గిది గోడాకే!" అంది.

నిన్న నాన్న షాపులోకొచ్చి, వంగి, గోడ అడుగున వేలితో తడిమి చూశాడు. "మళ్ల చెమ్మ ఎక్కుతున్నట్టుంది బిడ్డా. గాయనకు ఫోన్ కొట్టనా?"

"వద్దు నాన్నా," అన్నాను, మిషన్ మీంచి తలెత్తకుండా. "గోదారి గాలి."